ఎయిర్‌లైన్ కార్డుకి 4,999 యాన్యువల్ ఫీజు పడబోతోంది, మాఫీ చేయించుకోవడం ఎలా?

కాకినాడ సభ్యురాలు (ప్రశ్న):
విమాన మైల్స్ (టికెట్లకి వాడుకునే పాయింట్లు) వచ్చే కో-బ్రాండ్ క్రెడిట్ కార్డు, అంటే బ్యాంకూ ఎయిర్‌లైనూ కలిసి ఇచ్చేది, ఉందండీ. ఏడాదికి ఫీజు 4,999, దానిపైన జీఎస్‌టీ. వచ్చే నెల 14తో ఏడాది నిండుతుంది. ఈ ఏడాది కార్డు మీద 2,40,000 దాకా ఖర్చయింది, అందులో ఇంటద్దె కూడా ఉంది. ఫీజు మాఫీ గురించి యాప్‌లో ఎక్కడా కనిపించడం లేదు. కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఏమని అడగాలి? ఫీజు పడిపోయాక అడిగితే వెనక్కి ఇస్తారా? అసలు ఆ ఫీజు ఒక్కటీ కట్టకుండా ఆపితే ఏమవుతుంది?

మియాపూర్ సభ్యుడు:
ముందు చివరి ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. కట్టకుండా ఆపకండి. ఫీజు మీద గొడవ నడుస్తున్నా, స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తం గడువులోపు కట్టేసి, ఆ తర్వాత రివర్సల్ కోసం, అంటే ఆ ఫీజు వెనక్కి వేయించుకోవడానికి, పోట్లాడండి. గడువు దాటి మూడు రోజులు మించితే లేటు ఫీజు వేయడానికి, సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకి బాకీగా చెప్పడానికి ఆర్‌బీఐ నిబంధనలు బ్యాంకుకి వీలిస్తాయి. పైగా పూర్తి బిల్లు కట్టకపోతే కొత్తగా గీకిన ప్రతి కొనుగోలుకీ వడ్డీ లేని గడువు పోతుంది. ఐదు వేల కోసం పట్టుబడితే సిబిల్ రికార్డులో మచ్చ మిగులుతుంది. కట్టిన ఫీజు తర్వాత రివర్స్ అయితే అది కార్డులో క్రెడిట్ బ్యాలెన్స్‌గా ఉంటుంది, మీ డబ్బు ఎక్కడికీ పోదు.

ఇక మీ కార్డు ఏ రకమో చూసుకోండి. కొన్ని కార్డుల్లో ఇంత ఖర్చు చేస్తే ఫీజు మాఫీ అని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. యాక్సిస్ మాగ్నస్ అలాంటిది. 2023 సెప్టెంబర్ 1 నుంచి దాని ఫీజు 12,500 అయింది, మాఫీకి కావలసిన ఖర్చు ఏడాదికి 25 లక్షలు అయింది. అంతకుముందు 10,000 ఫీజు, 15 లక్షల ఖర్చు ఉండేవి. అంటే కార్డు తీసుకున్న రోజు చదివిన నిబంధన ఈ రోజు ఉండకపోవచ్చు. రెండో రకంలో ఎంత ఖర్చు చేసినా మాఫీ ఉండదు. యాక్సిస్ అట్లాస్‌కి 5,000 ఫీజు, ఖర్చుకి తగ్గ మైల్స్ ఇస్తారు తప్ప ఫీజు తీసేసే నిబంధన లేదు. ఎయిర్‌లైన్ కో-బ్రాండ్ కార్డులు ఎక్కువగా ఈ రెండో రకమే, అందుకే మీకు యాప్‌లో ఏమీ కనిపించడం లేదు. వీటికి ఫోన్‌లో అడిగి సాధించుకోవడమే దారి. అది బ్యాంకు ఇష్టం, మన హక్కు కాదు. అలాగని అడగకుండా వదిలేయాల్సిన పనీ లేదు.

బ్యాంకు సైట్‌లో మీ కార్డు పేరుతో ఎంఐటీసీ అని ఒక పీడీఎఫ్ ఉంటుంది, ముఖ్య నిబంధనల పత్రం. అందులో ఫీజుల పట్టిక చూడండి. మాఫీ ఉంటే అక్కడే ఉంటుంది.

బెజవాడ అకౌంటెంట్:
ఖర్చుతో మాఫీ ఉన్న కార్డుల్లో కూడా లెక్క తప్పేది మూడు చోట్ల.

మొదటిది, ఏడాది అంటే ఏ ఏడాది? జనవరి నుంచి డిసెంబర్ కాదు, ఏప్రిల్ నుంచి మార్చీ కాదు. చాలా కార్డుల్లో కార్డు మంజూరైన తేదీ నుంచి లెక్క. జులై 14న మంజూరైతే మరుసటి ఏడాది జులై 13 దాకా. కార్డు మీద ముద్రించిన నెలని నమ్ముకోకండి. కస్టమర్ కేర్‌ని అడిగేటప్పుడు 'రెన్యూవల్ ఎప్పుడు' అంటే ఫీజు పడే స్టేట్‌మెంట్ తేదీ చెప్పేస్తారు. 'ఫీజు మాఫీకి ఖర్చు లెక్కించే మొదటి తేదీ, ఆఖరి తేదీ చెప్పండి' అని అడగండి.

రెండోది, లెక్కలోకి వచ్చేది సెటిల్ అయిన లావాదేవీ. గీకిన రోజు అది ఆథరైజేషన్ (అనుమతి) మాత్రమే, ఖాతాలో పోస్ట్ కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆఖరి రోజు సాయంత్రం 10,000కి ఏదో కొని గండం గడిచిందనుకుంటే అది వచ్చే ఏడాది ఖాతాలోకి పోతుంది. కనీసం వారం ముందే పూర్తి చేయండి. టికెట్ రద్దయి రిఫండ్ వస్తే ఆ మొత్తం మళ్లీ తీసేస్తారు. కాబట్టి మాఫీకి కావలసిన ఖర్చు గీత మీద కాకుండా కాస్త పైన ఉండేలా చూసుకోండి.

మూడోది మీ కేసులో ఉన్నదే, ఇంటద్దె. చాలా బ్యాంకులు మాఫీ లెక్కలోంచి అద్దె, వాలెట్ లోడింగ్ తీసేశాయి. పెట్రోలు, ప్రభుత్వ చెల్లింపులు, బీమా ప్రీమియం కూడా కొన్ని కార్డుల్లో రావు. ఏటీఎంలో తీసిన నగదు ఎక్కడా రాదు. గీత అందడానికి ఇంకా 60,000 తక్కువైంది, అద్దె యాప్‌లో గీకేద్దాం అనుకున్నారనుకోండి. అద్దె మీద ఒక శాతం ఛార్జీ 600, దానికి జీఎస్‌టీ 108, మొత్తం 708. అంతా అయ్యాక ఆ 60,000 లెక్కలోకే రాదు. ఉన్న ఫీజూ పోయింది, పైన 708 కూడా పోయింది. ముందు మినహాయింపుల జాబితా చదవండి, తర్వాతే గీకండి.

కాకినాడ సభ్యురాలు:
అద్దె నెలకు 11,000 చొప్పున ఏడాదికి 1,32,000 పోతే, మిగిలేది లక్షా ఎనిమిది వేలే. పైగా మాది మాఫీ లేని రకమే, పీడీఎఫ్ చూశాను. అంటే ఫోన్ చేయడమే. ఎప్పుడు చేయాలి?

మియాపూర్ సభ్యుడు:
ఏడాది నిండడానికి ఓ నెల ముందు ఒకసారి, ఫీజు పడ్డాక మళ్లీ ఒకసారి. మరీ ముందుగా చేస్తే 'ఇంకా ఫీజు జనరేట్ కాలేదు, పడ్డాక చేయండి' అంటారు. పడ్డాక చేస్తే వెంటనే సిస్టమ్‌లో ఏ ఆఫర్ ఉందో చూడగలుగుతారు. కానీ బిల్లు గడువు వచ్చేదాకా ఆగొద్దు.

మామూలు ఏజెంటుకి ఫీజు తీసే అధికారం తక్కువ. ఐవీఆర్‌లో (ఫోన్‌లో నంబర్లు నొక్కమనే రికార్డు గొంతు) కార్డు క్లోజర్ ఆప్షన్ నొక్కండి, లేదా ఏజెంటుకి సూటిగా 'ఈ ఫీజు పెట్టి కార్డు ఉంచుకోవడం నాకు గిట్టడం లేదు, క్లోజ్ చేయాలనుకుంటున్నాను' అని చెప్పండి. అప్పుడు రిటెన్షన్ టీమ్‌కి, అంటే కస్టమర్ వదిలి వెళ్లకుండా చూసే వాళ్లకి, కలుపుతారు. కోపంగా మాట్లాడాల్సిన పని లేదు. అవతల ఉన్నవాళ్లకి తెర మీద మీ ఖర్చు, ఎన్నేళ్ల కస్టమర్, సకాలంలో కట్టారా లేదా అన్నీ కనిపిస్తాయి. మీకు ఏ ఆఫర్ ఇవ్వొచ్చో అక్కడే ఉంటుంది.

వచ్చేవి ఇలా ఉంటాయి: పూర్తి మాఫీ, సగం మాఫీ, ఫీజు కట్టండి బదులుగా ఇన్ని పాయింట్లు, లేదా '90 రోజుల్లో 50,000 ఖర్చు చేస్తే ఫీజు రివర్స్'. ఆఖరిదానికి ఊఁ అనేముందు లైన్‌లో ఉండగానే ఇవి అడగండి: 90 రోజులు ఏ తేదీ నుంచి? అద్దె, ఈఎంఐ లెక్కలోకి వస్తాయా? ఫీజుతో పాటు జీఎస్‌టీ కూడా రివర్స్ చేస్తారా? ఖర్చు పూర్తయ్యాక ఎన్ని రోజుల్లో పడుతుంది? ఈ ఆఫర్ ఎస్ఎంఎస్‌గా గానీ మెయిల్‌గా గానీ వస్తుందా? ఎస్ఎంఎస్ రాదంటే సర్వీస్ రిక్వెస్ట్ నంబరు రాసుకుని, అదే రోజు బ్యాంకుకి మీరే మెయిల్ పెట్టండి: 'ఫలానా నంబరు కాల్‌లో నాకు ఈ మాట ఇచ్చారు, ధ్రువీకరించగలరు' అని. మూడు నెలల తర్వాత నోటి మాటకి విలువ ఉండదు, ఆ మెయిలే మీకు ఆధారం.

మొదటిసారి ఏమీ లేదంటే, క్లోజర్ రిక్వెస్ట్ పెట్టొద్దని చెప్పి మర్యాదగా ఫోన్ పెట్టేసి, వారం తర్వాత మళ్లీ చేయండి. ఆఫర్లు మారుతుంటాయి. 'సరే క్లోజ్ చేసేయండి' అని మాత్రం బెదిరింపుగా అనొద్దు. కొందరు నిజంగానే నమోదు చేసేస్తారు.

బెజవాడ అకౌంటెంట్:
జీఎస్‌టీ సంగతి గట్టిగా చెప్పాలి, చాలామంది అక్కడే వదిలేస్తారు. స్టేట్‌మెంట్‌లో ఫీజు రెండు వరుసలుగా పడుతుంది: యాన్యువల్ ఫీ 4,999.00, దాని కింద ఐజీఎస్‌టీ 899.82. కొన్నిట్లో సీజీఎస్‌టీ 449.91, ఎస్‌జీఎస్‌టీ 449.91 అని విడిగా. మొత్తం 5,898.82. మాఫీ అయిందని మెసేజ్ వచ్చాక వచ్చే స్టేట్‌మెంట్‌లో 4,999 క్రెడిట్ ఒక్కటే కనిపిస్తే 900 దాకా మీరు వదులుకున్నట్టే. 'పన్ను ప్రభుత్వానికి కట్టేశాం, రాదు' అని ఏజెంటు అంటే ఆగిపోకండి. సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 34 కింద బ్యాంకు క్రెడిట్ నోట్ ఇచ్చి ఆ పన్ను సర్దుకోవచ్చు, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకూ వీలుంది. మెయిల్‌లో 'ఫీజు, దానిపై జీఎస్‌టీ, రెండిటికీ క్రెడిట్ నోట్' అని రాయండి.

అసలు ఈ ఫీజు గిట్టుతుందో లేదో కూడా ఒకసారి లెక్క వేయండి. మీరు వెళ్లే రూటులో టికెట్ 6,200 ఉందనుకుందాం. అదే టికెట్ మైల్స్‌తో 8,000 మైల్స్, పన్నులు 900 అనుకుందాం. 6,200లోంచి 900 తీస్తే 5,300, దాన్ని 8,000తో భాగిస్తే మైలుకి 66 పైసలు. 5,899 ఫీజు గిట్టాలంటే ఏడాదికి దాదాపు 8,900 మైల్స్ ఫీజు వల్లనే అదనంగా రావాలి. మామూలు ఉచిత కార్డు మీద వచ్చే క్యాష్‌బ్యాక్ కూడా వదులుకుంటున్నారు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. లెక్క తేలకపోతే మాఫీ రాలేదని బాధపడనక్కర్లేదు, మూసేయడమే నయం.

ఇంకో మెలిక. కొన్ని కార్డుల్లో ఫీజు కడితేనే రెన్యూవల్ మైల్స్, టికెట్ వోచర్ వస్తాయి. మాఫీ అయితే అవి రావు. 4,999కి ఇచ్చే వోచర్ మీరు ఎలాగూ కొనే టికెట్‌కి సరిపోతే, మాఫీ అడక్కుండా కట్టేయడమే లాభం కావచ్చు.

కాకినాడ సభ్యురాలు:
ఒకవేళ మూసేయాల్సి వస్తే నిజంగా వెంటనే మూస్తారా? నెలల తరబడి తిప్పుతారని విన్నాను. మైల్స్ పోతాయా?

మియాపూర్ సభ్యుడు:
2022 ఏప్రిల్ 21 నాటి ఆర్‌బీఐ క్రెడిట్ కార్డు నిబంధనలు ఆ ఏడాది జులై నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బాకీ లేకపోతే క్లోజర్ అడిగిన ఏడు పని దినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే మూసేదాకా రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. హెల్ప్‌లైన్, మెయిల్, ఐవీఆర్, సైట్, నెట్ బ్యాంకింగ్, యాప్ వంటి దారుల్లో క్లోజర్ అడిగే వీలు ఉంచాలి. పోస్టులోనే పంపమని పట్టుబట్టకూడదు. అందుకే యాప్‌లోగానీ మెయిల్‌లోగానీ పెట్టండి, తేదీ ఉంటుంది కదా.

అయితే బాకీ లేకపోవడం అన్నది జాగ్రత్త. ఈఎంఐగా మార్చిన కొనుగోలు ఏదైనా ఉంటే మిగిలిన అసలు ఒకేసారి కట్టాలి, దాని మీద ముందస్తు మూసివేత ఛార్జీ కూడా పడొచ్చు. ఓటీటీ, కరెంటు బిల్లు, బీమా ఆటోడెబిట్లు వేరే కార్డుకి మార్చాకే క్లోజర్ పెట్టండి.

మైల్స్ విషయంలో తేడా ఒక్కటే, అవి ఎవరి దగ్గర ఉన్నాయన్నది. ఎయిర్‌లైన్ ఖాతాలో ఇప్పటికే జమైన మైల్స్ మీవి, కార్డు మూసినా ఉంటాయి. బ్యాంకు దగ్గర రివార్డ్ పాయింట్లుగా ఉన్నవి క్లోజర్‌తో పోతాయి. ముందు బదిలీ చేయండి, ఎయిర్‌లైన్ ఖాతాలో కనిపించేదాకా ఆగండి, ఆ తర్వాతే రిటెన్షన్‌కి ఫోన్ చేయండి. పోయేదేమీ లేకుండా మాట్లాడితే గొంతులోనే తేడా తెలుస్తుంది.

భాగస్వామి ఎయిర్‌లైన్ మారినప్పుడు కూడా ఒక వెసులుబాటు ఉంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసింది. ఆ పేర్లతో కార్డులు ఉన్నవాళ్లకి చేతిలో ఉన్నదాని అర్థమే మారిపోయింది. ఛార్జీలు మార్చాలంటే బ్యాంకు కనీసం నెల ముందు చెప్పాలి, ఆ మార్పు మీకు నష్టమైతే అదనపు ఛార్జీ లేకుండా కార్డు వదిలేయొచ్చు. అలాంటి మెయిల్ వచ్చిన నెలే ఫీజు గురించి అడగడానికి మంచి సమయం.

డాలస్ సభ్యురాలు:
అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట, ఇక్కడి పద్ధతి వేరు. ఫీజు నేరుగా మాఫీ చేయడం కంటే ఫీజు లేని కార్డుకి మార్చుకోవడం తేలిక. డెల్టా గోల్డ్ ఉంటే డెల్టా బ్లూ, యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్ ఉంటే గేట్‌వే, సిటీ అమెరికన్ ప్లాటినమ్ సెలెక్ట్ ఉంటే మైల్‌అప్ అడగండి. పాత ఖాతా అలాగే ఉంటుంది కాబట్టి క్రెడిట్ హిస్టరీ తెగదు, మైల్స్ ఎయిర్‌లైన్ ఖాతాలోనే ఉంటాయి, ఉచిత చెక్-ఇన్ బ్యాగ్ మాత్రం పోతుంది. మొదటి ఏడాదిలో ఈ పని చేయకండి. ముఖ్యంగా అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) అయితే 12 నెలల్లోపు మూసినా తగ్గించినా వెల్‌కమ్ బోనస్ వెనక్కి తీసుకునే హక్కు తన నిబంధనల్లో పెట్టుకుంది. ఫీజు కనిపించిన స్టేట్‌మెంట్ తేదీ నుంచి 30 రోజుల్లోపు తేల్చేయండి, ఆ గడువులో మూసేస్తే కట్టిన ఫీజు పూర్తిగా వెనక్కి వస్తుంది.

కాకినాడ సభ్యురాలు:
రేపు పాయింట్లు బదిలీ పెడతాను, జమ కాగానే ఫోన్ చేస్తాను. ఒప్పుకున్నాక మాట తప్పితే ఎవరికి చెప్పుకోవాలి?

బెజవాడ అకౌంటెంట్:
ముందు బ్యాంకు గ్రీవెన్స్ సెల్‌కి (ఫిర్యాదుల విభాగం) మెయిల్, దానికి సర్వీస్ రిక్వెస్ట్ నంబరు, ఎస్ఎంఎస్ స్క్రీన్‌షాట్, ఫీజు పడిన స్టేట్‌మెంట్ పేజీ జత చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. సాయం కావాలంటే 14448కి ఫోన్ చేయొచ్చు. మాఫీ ఇవ్వలేదని ఫిర్యాదు చేస్తే నిలబడదు, అది బ్యాంకు వ్యాపార నిర్ణయం. రాతపూర్వకంగా ఒప్పుకుని ఇవ్వలేదన్నది, ఏడు పని దినాల్లో కార్డు మూయలేదన్నది నిలబడతాయి. ఫిర్యాదులో ఆ రెండిట్లో ఏదో ఒకటే తేదీలతో రాయండి.

మియాపూర్ సభ్యుడు:
రివర్సల్ పడ్డాక కూడా ఒక పని మిగులుతుందండీ. మీ కార్డు ఏడాది నిండే తేదీ చూసుకుని, ఫోన్ క్యాలెండర్‌లో వచ్చే ఏడాది ఆ తేదీకి 45 రోజుల ముందు గుర్తు పెట్టుకోండి. ఈ మాఫీ ఈ ఒక్క ఏడాదికే.