హార్డ్‌టెయిల్ ఉండగా ఇంకో సైకిల్ కొనాలా?

సరదాగా మొదలుపెట్టిన మౌంటెన్ బైకింగ్ ఆరు నెలల్లో పిచ్చిలా పట్టుకుంది. నా దగ్గరున్నది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండి, వెనక లేని సైకిల్), ఫోర్క్ ట్రావెల్ (ముందు సస్పెన్షన్ లోపలికి కుంగే దూరం) 100 మి.మీ. ఎక్కేటప్పుడు దానికి తిరుగులేదు. చిక్కంతా దిగేటప్పుడే. రాళ్లు, వేర్లు ఉన్న దారిలో వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది, కిందికి వచ్చేసరికి నా కాళ్లు వణుకుతుంటాయి. దిగుడులో సీటు కిందికి దించుకోవడానికి డ్రాపర్ పోస్ట్ కూడా లేదు.

అందుకే 130–140 మి.మీ. ట్రావెల్ ఉన్న ఫుల్ సస్పెన్షన్ (వెనక కూడా సస్పెన్షన్ ఉండే) ట్రైల్ బైక్ మీద మనసు పడింది. హెడ్ యాంగిల్ (హ్యాండిల్ కింది గొట్టం నేలతో చేసే కోణం) 65 డిగ్రీల దగ్గరుంటే బాగా వాలుగా ఉన్నచోట నిలకడగా ఉంటుందని తెలుసు. కానీ అదనపు బరువు, వెనక షాక్ సర్వీసు, అరిగితే పివట్ బేరింగులు (వెనక సస్పెన్షన్ కీళ్లలో ఉండేవి) మార్చడం... ఇవన్నీ తలుచుకుంటే అడుగు ముందుకు పడట్లేదు.

పాతదానికే డ్రాపర్ పెట్టి, ట్యూబ్‌లెస్ చేసి, ఫ్రేములో పడితే 2.4 అంగుళాల టైర్లు వేస్తే సగం బాధ తీరుతుందా? (ఇంట్లోవాళ్ల ఓటు దీనికే, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.)

రెండూ ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి: కొత్తది వచ్చాక పాతదాన్ని తొక్కుతున్నారా, మూలన పడేశారా? సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ముందుగా ఏం చూడాలి?