75 శాతం హాజరు లేకపోతే తల్లి ఖాతాలో డబ్బు ఆపాలా?

పలక_బలపం: పిల్లలను బడికి పంపే తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బిచ్చే అమ్మఒడి 2020 జనవరిలో మొదలైంది: ఏడాదికి 15 వేలు, దానికి 75 శాతం హాజరు షరతు. పథకం పేరు తల్లికి వందనం అయ్యాక కూడా ఆ షరతు ఉండాలా వద్దా అన్న వాదన నడుస్తోంది. నా మటుకు షరతు ఉండాల్సిందే. ఊరికే ఇస్తే పిల్లను రోజూ బడికి పంపే పూచీ ఎవరిది?

హాజరుపట్టీ: ముందు లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు. అందులో 75 శాతం 165. అంటే 55 రోజులు మానేసినా డబ్బు పడుతుంది. ప్రతి సోమవారం ఎగ్గొట్టే పిల్లాడికి ఏడాది మొత్తం మీద 40 ఆబ్సెంట్లు కూడా రావు, 82 శాతం పైనే హాయిగా ఉంటాడు. వారం వారం కొత్త పాఠం మొదలు మాత్రం వాడికి తెలియదు.

ఇక కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు జిల్లాకు పోయే కుటుంబం సంగతి. సంక్రాంతి దాటాక వెళ్లి ఉగాదికి తిరిగొస్తే 60 పనిదినాలు పోయాయనుకోండి. మిగతా ఏడాది ఒక్క రోజూ మానకపోయినా 160 దగ్గర ఆగిపోతుంది. అయిదు రోజులు తక్కువై డబ్బు పోయేది ఈ ఇంటికే. మీ షరతు పట్టుకునేది ఎవరిని?

కందిపప్పు_లెక్క: ఇంకో పీడ కూడా ఉంది. డబ్బు ముడిపెడితే టీచరు మీద ఒత్తిడి. హాజరు యాప్‌లో పాత తేదీలు దిద్దడం కుదరకపోతే పొద్దున్నే ఉదారంగా ప్రెజెంట్ వేసేస్తారు. మధ్యాహ్న భోజనంతో సరిచూస్తే బయటపడుతుంది: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తలకు 150 గ్రాముల బియ్యం, అయిదో తరగతి వరకు 100. పెద్ద తరగతుల్లో పది దొంగ హాజర్లు పడితే రోజుకు కిలోన్నర బియ్యం తేడా. క్యారేజీ తెచ్చుకునే పిల్లలుంటారు కాబట్టి ఒక్కరోజు చూసి నింద వేయొద్దు, నెల చూడండి.

లెస్టర్_నాన్న: ఇంగ్లండ్‌లో పిల్లకు జ్వరమొస్తే పొద్దున్నే బడికి ఫోన్ చేసి చెప్పాలి. జబ్బుకు ఒక అక్షరం, డాక్టర్ అపాయింట్‌మెంటుకు ఇంకొకటి, అనుమతి లేని సెలవు ప్రయాణానికి మరొకటి రిజిస్టర్లో పడతాయి. 2024 ఆగస్టు నుంచి అనుమతి లేకుండా అయిదు రోజులు మాన్పిస్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా, పిల్లకు 80 పౌండ్ల చొప్పున జరిమానా రావచ్చు. సంక్రాంతికి టికెట్లు కొనేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

హాజరుపట్టీ: జరిమానా మాట వదిలేయండి సార్, కూలి ఇంట్లో అది అప్పవుతుంది. ఆ అక్షరాల పద్ధతి మాత్రం మనకు కావాలి. మన పట్టీలో ఆబ్సెంట్ అంటే ఆబ్సెంటే. జ్వరమా, చేను పనా, బడిలో మరుగుదొడ్డి సరిగా లేక నెలసరి రోజుల్లో రాలేదా, ఏదీ తెలియదు. కారణం తెలియనప్పుడు ఏం సరిచేస్తాం?

చేయాల్సింది మొదటి పీరియడ్ అయిన వెంటనే ఫోన్. సాయంత్రం వచ్చే మెసేజ్ దండగ. ఇంట్లోంచి బయల్దేరి బడికి చేరని పిల్ల సంగతి పది గంటలకే తెలియాలి. ఎక్కువగా చెడేది నంబరు దగ్గర: అడ్మిషన్‌లో ఇచ్చింది హైదరాబాద్‌లో పనిచేసే తండ్రిదో, పక్కింటివాళ్లదో అయి ఉంటుంది. జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి ప్రతి నంబరుకూ రింగ్ ఇచ్చి చూడాలి. అవ్వ దగ్గర ఉంటే అవ్వ నంబరే రాసుకోవాలి. మూడో రోజూ రాకపోతే ఇంటికి వెళ్లాలి. హాజరు సంగతి తల్లిదండ్రులకు చెప్పడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు విధే.

పలక_బలపం: నలభై మంది క్లాసులో పదిమంది రాకపోతే ఆ టీచరు ఫోన్లు చేస్తాడా, పాఠం చెబుతాడా?

కందిపప్పు_లెక్క: అందుకే అది క్లాసు టీచరు మీద వేయకూడదు. హాజరు చూడటం స్థానిక సంస్థల బాధ్యతని అదే చట్టం 9వ సెక్షన్ అంటోంది. గ్రామ సచివాలయంలో విద్యా సహాయకుడు ఉన్నాడు, రాని పిల్లల జాబితా అతనికి పదిన్నరకు చేరితే చాలు.

పలక_బలపం: సరే, వలస పిల్లలకు మినహాయింపు ఒప్పుకుంటాను. షరతు తీసేయడం మాత్రం ఒప్పుకోను.

హాజరుపట్టీ: మినహాయింపు కంటే, వలస వెళ్లినవాళ్ల పిల్లలను ఆ నెలల్లో ఉంచుకునే సీజనల్ హాస్టల్ మేలు, పిల్ల ఊళ్లోనే ఉంటుంది. వెంట తీసుకెళ్తే అక్కడి బడిలో చేర్చాలి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. తిరిగొచ్చేటప్పుడు ఆ హెచ్ఎం దగ్గర హాజరైన తేదీలతో సర్టిఫికెట్ తీసుకుంటే ఇక్కడి 160కి అవి కలపమని అడగొచ్చు.