గాలి రాపిడికి ఉపగ్రహం వేగం పెరుగుతుందా, తగ్గుతుందా?

ప్రశ్న (కావలి, హార్డ్‌వేర్ దుకాణం):
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ట్యూషన్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: “భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం గాలి రాపిడి వల్ల కొద్దికొద్దిగా శక్తి కోల్పోతుంటే దాని వేగం ఏమవుతుంది?” తగ్గుతుందని రాసింది. కొట్టేసి, పెరుగుతుందని రాసి ఇచ్చారు. ఎందుకని అడిగితే సూత్రం చూసుకోమన్నారట. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ పరుగందుకుంటుందా? శక్తి నిత్యత్వం అంటూ ఒకటి ఉంది కదా, పోగొట్టుకున్నవాడి చేతిలో డబ్బు ఎలా పెరుగుతుంది?

జవాబు (ఒంగోలు, విశ్రాంత అధ్యాపకుడు):
పెరుగుతుంది. అయినా అమ్మాయిని కోప్పడకండి, క్లాసులో ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ సగం మంది అలాగే రాసేవారు.

ఉపగ్రహానికి రెండు ఖాతాలు ఉంటాయి. వేగం వల్ల వచ్చేది గతిజశక్తి, ఎత్తు వల్ల వచ్చేది స్థితిజశక్తి. అమ్మాయి మొదటిదే చూసింది. 500 కిలోమీటర్ల ఎత్తున వృత్తంలో తిరిగే ఉపగ్రహం వేగం సెకనుకు 7.61 కిలోమీటర్లు. రాపిడికి జారి జారి 400కు దిగితే 7.67 అవుతుంది. ఒక్కో కిలో ద్రవ్యరాశికి లెక్క కట్టండి: స్థితిజశక్తి సుమారు 8.55 లక్షల జౌళ్లు తగ్గింది. అందులో సగం, 4.27 లక్షలు, వేగం ఖాతాలో పడింది. మిగతా సగం గాలినీ ఉపగ్రహాన్నీ వేడెక్కించడానికి ఖర్చయింది. పైసా కూడా మాయం కాలేదు. చీమకుర్తి క్వారీలోకి లోడు లారీ దిగుతున్నప్పుడు బ్రేకు కాస్త తొక్కి పట్టినా బండి వేగం అందుకోవడం లేదా, అలాంటిదే.

జవాబు (చీమకుర్తి, లారీ యజమాని):
మాస్టారూ, క్వారీలోకి దిగేది ఖాళీ బండి. లోడుతో పైకి ఎక్కుతుంది. మిగతాదంతా నిజమే.

జవాబు (ఒంగోలు):
సరే బాబూ, ఖాళీ లారీయే. ఇంకో తేడా కూడా ఉంది. లారీలో ఎంత వేడిగా పోవాలో డ్రైవరు కాలు నిర్ణయిస్తుంది. వృత్తంలో తిరిగేదానికి ఆ స్వేచ్ఛ లేదు, ఎంత ఎత్తుకు ఎంత వేగమో ముందే ఖరారు. అందుకే సగం సగం.

ప్రశ్న (కావలి):
లెక్క తెలిసింది సార్. కానీ అమ్మాయి ఇంకా ఒప్పుకోవడం లేదు. గాలి వెనక్కి లాగుతుంటే ముందుకు నెట్టేది ఎవరని అడుగుతోంది.

జవాబు (ఒంగోలు):
అసలు ప్రశ్న ఇది. పెన్సిల్ తీసుకోమనండి. సరైన వృత్తంలో గురుత్వం దారికి లంబంగా ఉంటుంది కాబట్టి వేగాన్ని పెంచదు, తగ్గించదు. రాపిడి ఉన్నప్పుడు దారి సర్పిలంగా, కంటికి ఆననంతగా కిందికి వాలుతుంది. ఆ వాలు వెంబడి గురుత్వంలో చిన్న ముక్క ముందుకు లాగుతుంది. రాపిడికి వెనక్కి ఒక సెంటీమీటరు బాణం గీస్తే, ఈ ముక్కకు ముందుకు రెండు సెంటీమీటర్లు గీయాలి. మిగిలింది ముందుకే ఒక సెంటీమీటరు. సూత్రం బట్టీ పట్టడం కంటే ఈ బొమ్మ మేలు.

జవాబు (నెల్లూరు, బీఎస్సీ విద్యార్థి):
1965లో అమెరికా అంతరిక్షనౌక జెమినీ-4 వ్యోమగామి మెక్‌డివిట్ ముందున్న రాకెట్ భాగాన్ని అందుకోవాలని దాని వైపే ఇంజన్ మండించి, తీరా చూస్తే ఇంకా దూరమయ్యాడు. వేగం పెంచితే పై కక్ష్యకు వెళ్లి, అక్కడ వేగం తక్కువ కాబట్టి వెనకబడతాం. ముందున్నదాన్ని అందుకోవాలంటే ముందు కిందికి దిగాలి.

ప్రశ్న (కావలి):
ఆఖరి సందేహం. పెరుగుతూనే పోతే నేలను తాకేటప్పటికి ఎంత వేగం ఉంటుంది?

జవాబు (ఒంగోలు):
అక్కడిదాకా పెరగదు. మన శ్రీహరికోట నుంచి 2009లో వెళ్లిన రీశాట్-2 పదమూడేళ్లు పైనే ఉండి, 2022 అక్టోబర్ 30న వాతావరణంలోకి దిగింది. అన్నేళ్లూ గాలి పలుచన, జారుడు నెమ్మది. 100 కిలోమీటర్ల కిందికి వచ్చాక గాలి చిక్కబడుతుంది, రాపిడిదే పైచేయి అవుతుంది. అప్పుడు వేగం నిజంగానే పడిపోతుంది. అక్కడ మీ అమ్మాయి జవాబే సరైనది. ప్రశ్నలో “కొద్దికొద్దిగా” అని ఉంది కాబట్టి ఇక్కడ మార్కు రాదు.

ప్రశ్న (కావలి):
ధన్యవాదాలు సార్. ఆ మాట కింద ఎర్ర గీత గీసి, బాణాల బొమ్మ పక్కనే అంటించి, రేపు ట్యూషన్‌కు తీసుకెళ్తానంటోంది. మార్కు కోసం కాదట.