అప్‌డేట్: మా ఆవిడకు గిటార్ కొనేశాను

మా ఆవిడ పుట్టినరోజుకు గిటార్ కొనాలి, నైలాన్ తీగలదా ఉక్కు తీగలదా అని అడిగాను కదా. చివరికి ఉక్కు తీగలదే తీసుకున్నాను. వేళ్లకు మెత్తగా ఉంటుందని చాలామంది నైలాన్ వైపు మొగ్గారు, నిజమే. కానీ నైలాన్ తీగలుండే క్లాసికల్ గిటార్ మెడ పైకొన దగ్గర దాదాపు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఉక్కు తీగల వాటికి 43 అటూఇటూ. విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక దుకాణానికి మా మరదలిని వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కాచెల్లెళ్లిద్దరివీ ఒకే కొలత చేతులు, గాజులు కూడా మార్చుకుంటారు. నైలాన్‌దాని మీద ఆమె చూపుడువేలు అడ్డంగా వేస్తే చివరి తీగ అందనే లేదు. ఉక్కు తీగలవాటిలో డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు దాని డొల్ల చంకలో ఇమడలేదు. అంతకన్నా చిన్నదైన కాన్సర్ట్ సైజు హాయిగా కుదిరింది.

దుకాణదారు ఏకచెక్క పైపలక ఉన్నది అంటగట్టబోయాడు. నాదం బాగుంటుంది, కాదనను. కాకపోతే మా ఇల్లు బీచ్‌రోడ్డుకు కూతవేటు దూరం. ఈ తేమకు పలుచని పొరలు అతికించి చేసిన చెక్కే ఓర్చుకుంటుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పూత ఉన్న తీగలు వేయించి, నొక్కడం తేలికయ్యేలా వాటి ఎత్తు తగ్గించమన్నాను. మిగిలిన డబ్బుతో సంచి, శ్రుతి సరిచూసుకునే ట్యూనర్.

“ఈ డబ్బుతో వాషింగ్ మెషీన్ వచ్చేది కదండీ” అంది మా ఆవిడ. అంటూనే ట్యూనర్ లాక్కుంది.

ఎంవీపీ కాలనీ వైపు మధ్యాహ్నం పూట నేర్పేవారెవరైనా ఉంటే చెప్పండి.