అక్క పేరుతో నకిలీ ఖాతా, సోషల్ మీడియా కంపెనీ తీయడం లేదు, అప్పీల్ ఎలా చేయాలి?

అందరికీ నమస్కారం, మాది తిరుపతి. మా అక్క శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఎవరో తన పేరు, ఫొటోలతోనే ఇంకో ఖాతా తెరిచి జనం దగ్గర అడ్వాన్సులు తీసుకుంటున్నారు, నెమలి కొంగు ఫొటోలో రంగు అంటిన అక్క బొటనవేలు కూడా అలాగే ఉంది. డబ్బు పోయినవాళ్లు ఫోన్ చేసి అక్కనే తిడుతున్నారు, పాపం రెండు రోజులుగా కలం ముట్టుకోలేదు.

రిపోర్ట్ కొడితే "మా నియమాలకు విరుద్ధం కాదు" అని ఒక్క నిమిషంలో జవాబు, మనిషెవరూ చూసినట్టు లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలకు పైగా యూజర్లున్న కంపెనీ మన దేశంలోనే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌ని (ఫిర్యాదులు చూసే అధికారిని) పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి కదా? ఆయనకు మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాం.

కంపెనీ నిర్ణయాలపై అప్పీళ్లు వినే ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో వెళ్లాలంటున్నారు, జవాబే రానప్పుడు ఆ 30 రోజులు ఎప్పటినుంచి లెక్క? అక్క తరఫున నేను వేయొచ్చా? ఇప్పటికే వేసినవాళ్లు ఏయే కాగితాలు పెట్టారో కాస్త చెప్పండి.