ఈవెన్ దో, ఈవెన్ ఇఫ్, వేరాజ్: ఎక్కడ ఏది వాడాలి?

అందరికీ నమస్కారం. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) ప్రిపేర్ అవుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషులో ఈ కంజంక్షన్ల దగ్గరే మార్కులు పోతున్నాయి.

ఆల్దో తర్వాత పూర్తి వాక్యం, డిస్పైట్ తర్వాత నౌన్ గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలని తెలుసు. ఆల్దో పెట్టాక మళ్ళీ బట్ పెట్టకూడదనీ తెలుసు ("వానొచ్చినా కానీ వెళ్ళాడు" అనే మన అలవాటు అక్కడే దెబ్బ కొడుతుంది).

అసలు చిక్కు వేరే. "వాన పడినా వెళ్ళాను", "వాన పడినా వెళ్తాను": రెండింటికీ మనకి ఒక్క "పడినా" సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి ఈవెన్ దో, రెండోదానికి ఈవెన్ ఇఫ్ అంటున్నారు. జరిగినదానికి ఒకటి, జరగొచ్చేమో అన్నదానికి ఇంకొకటి అని గుర్తుపెట్టుకోవచ్చా? మరి "వాన పడుతున్నా వెళ్తాను" అంటే? వాన కళ్ళముందే పడుతోంది, వెళ్ళడం మాత్రం ఇంకా జరగలేదు. ఈవెన్ దో అనే అనుకుంటున్నాను, సరేనా?

ఇంకొకటి. "అన్న డాక్టరు, తమ్ముడు రైతు" లాంటి వాక్యానికి బట్, వేరాజ్ రెండూ ఆప్షన్లలో ఇస్తే దేన్ని ఎంచుకోవాలి? రూల్ కన్నా రెండు ఉదాహరణలిస్తే ఎక్కువ ఉపయోగం.