మూసీ నీళ్లు మనమే చెక్ చేయొచ్చా? నాగోల్ దగ్గర ఉండేవాళ్లు చెప్పండి

నాగోల్_వాసి:
మాది నాగోల్ బ్రిడ్జి దగ్గర. పొద్దున వాకింగ్‌కి వెళ్తే మూసీలో పిట్టలే పిట్టలు, ఎర్రటి పొడుగు కాళ్లవైతే గుంపులు గుంపులు, కొంగల సంగతి సరేసరి. వాసన మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్‌లో కొందరం, ఇంటర్ పిల్లలతో కలిసి ప్రతి ఆదివారం నీళ్లు, పిట్టలు రెండూ చూసి రాసిపెడదామనుకుంటున్నాం. ఇన్ని పిట్టలొస్తున్నాయంటే నీళ్లు బాగుపడుతున్నట్టేనా? మా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది, అది సరిపోతుందా?

పిట్టలపిచ్చి:
అన్నా, వాటిని చూసి మురిసిపోకండి. ఆ ఎర్రకాళ్లవి బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు, మురుగు బురదలోనూ హాయిగా తిరుగుతాయి. ఆ బురదలో ఎర్రపురుగులు ఉంటాయి, ఒక రకం దోమలాంటి ఈగల పిల్లలు. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటంతో ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట కూడా బతికేస్తాయి, పిట్టలకు అదే విందు. లెక్క కంటే రకాలు చూడండి. నీటికాకి మునిగి చేపతో పైకి లేచిందా, ఊరికే రెక్కలు ఆరబెట్టుకుంటోందా, అది కూడా రాయండి. ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్, యాప్) ఎక్కించండి, ఎప్పుడూ అదే చోటు, అదే టైము.

మూసీపక్కోడు:
మూసీ మురుగని అందరికీ తెలిసిందే కదా బ్రో, కొత్తగా కొలిచేదేముంది?

నీళ్లసీసా:
మురుగని చెప్పడం వేరు, ఎక్కడ కలుస్తోందో చూపించడం వేరు. నాలా కలిసే చోటికి కొంచెం పైన ఒకసారి, కింద ఒకసారి కొలిస్తే తేడా కాగితం మీదే కనిపిస్తుంది. టీడీఎస్ మీటర్‌తో లాభం లేదండి, అది కరిగిన లవణాలనే చూస్తుంది, మురుగు సంగతి తేలదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే కిట్ కొనండి. సీసాని నీళ్లలో ముంచి, బుడగ లేకుండా నింపి మూత పెట్టాలి, మొదటి రెండు రసాయనాలు అక్కడికక్కడే వేసేయాలి, ఇంటికి తెచ్చాక వేస్తే ఆ రీడింగ్‌కి అర్థం ఉండదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం చేపలకి, వన్యప్రాణులకి లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములు, స్నానానికి 5. నాచు పచ్చగా ఉన్నచోట మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తుంది, తెల్లారేముందు బాగా పడిపోతుంది, అందుకే టైము తప్పక రాయండి. బీఓడీ, అంటే నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క, మాత్రం ల్యాబ్ పని, శాంపిల్‌ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి.

పిట్టలపిచ్చి:
పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. గ్లౌజులు, తాడు కట్టిన బకెట్ చాలు.

నాగోల్_వాసి:
థ్యాంక్స్ అండి. పోల్చుకోడానికి మూసీ ఎగువన ఉన్న గండిపేట చెరువు నీళ్లు కూడా ఒకసారి చూస్తాం. అటువైపు ఉండేవాళ్లెవరైనా వస్తారా?